కప్పు లాగేది చెడు రక్తాన్ని కాదు

చిన్నప్పుడు స్టీలు గ్లాసుని మూతికి బిగించి, లోపలి గాలంతా పీల్చేసి, చేతులు వదిలేసి ఇల్లంతా తిరగని పిల్లలు అరుదు. గ్లాసు కిందపడకుండా మూతికి వేలాడుతుంటే అదో ఘనకార్యం. కాసేపటికి ఊడదీస్తే పెదాల చుట్టూ గుండ్రంగా ఎర్రటి చార. అది పోయేదాకా బడికి వెళ్లాలంటే సిగ్గు. మా అమ్మ వీపు మీద ఒకటి చరిచింది గానీ, "పోనీలే నాయనా, నీ మూతిలో చెడు రక్తమంతా పైకొచ్చేసింది" అని సంబరపడలేదు.

ఇప్పుడు ఆ గ్లాసే ప్లాస్టిక్‌లో వస్తోంది. నెత్తిన చిన్న బిరడా, గాలి లాగడానికి తుపాకీ ఆకారంలో ఒక పంపు, డజనో రెండు డజన్లో కప్పులు, ఎక్కడెక్కడ పెట్టాలో చుక్కలు గుర్తేసిన మనిషి బొమ్మ. దీని పేరు కప్పింగ్. మెడ పట్టేసినా, నడుం లాగేస్తున్నా, ఏళ్ల తరబడి భుజం సలుపుతున్నా ఇంట్లోనే కూర్చుని ఇది పెట్టుకోమంటున్నారు. పొద్దున్నే పార్కులో నడిచేవాళ్లు చెబుతారు, జిమ్ము కుర్రాడు చెబుతాడు, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వీడియో వస్తుంది. ఎవరు చెప్పినా మాట ఒకటే: చెడు రక్తాన్ని లాగేస్తుంది, ఒంట్లో విషాలు బయటికొస్తాయి, పట్టేసిన కండరం వదులవుతుంది, నష్టమేమీ లేదు, ఎవరైనా చెయ్యొచ్చు. ఈ అయిదింట్లో నాలుగు అబద్ధాలు. కండరం వదులవుతుందన్నది మాత్రం కొంత నిజం, ఆ పూటకి.

నాకీ పెట్టెతో పరిచయం మా మేనత్త ఇంట్లో అయింది. వనస్థలిపురంలో ఉంటుంది. ముప్ఫై ఏళ్లు మిషను కుట్టిన మనిషి. షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. కుడిచెయ్యి పైకి లేవదు, జడ వేసుకోవాలంటే కోడలు రావాలి, రాత్రి అటు తిరిగి పడుకుంటే ప్రాణం పోయినంత పని. మా బావ ఆన్‌లైన్లో కప్పులు తెప్పించి, మూడు వీడియోలు చూసి, తల్లి భుజం మీద నాలుగు తగిలించాడు. తీసేసరికి చర్మం నేరేడుపండు రంగుకి తిరిగింది. దాన్ని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు: "చూడండి, ఎంత విషముందో." పెట్టెతో పాటు రంగుల పట్టీ కూడా వచ్చిందిలెండి. లేత గులాబి అయితే ఆరోగ్యం, ఎరుపైతే వేడి, నలుపైతే ముదిరిన విషం.

ఆ ఆదివారం వెళ్లి ఒక కప్పు అడిగి తీసుకుని నా తొడ మీద పెట్టుకున్నాను. ఎన్నడూ నొప్పి ఎరగని తొడ. బావ వాడినన్ని లాగులే లాగాను, గడియారం చూసుకుని అంతసేపే ఉంచాను. తీస్తే అదే నేరేడు రంగు. బావ ఏమాత్రం తడుముకోలేదు. "అదే మరి. నీకు తెలీకుండా నీ ఒంట్లోనూ ఉందన్నమాట." మచ్చ వస్తే విషం పోయినట్టు, రాకపోతే విషం లేనట్టు, నొప్పి లేనిచోట వస్తే దాగిన విషం బయటపడ్డట్టు. ఓడిపోయే దారే లేని వాదం ఇది. దేవుడి ముందు చీట్లు వేసి, అన్ని చీట్ల మీదా ఒకే పేరు రాసుకున్నట్టు.

ఇంతకీ ఆ మచ్చ ఏమిటి? గుమ్మానికి మోకాలు కొట్టుకుంటే వచ్చేదే. మన భాషలో దానికి చక్కటి మాట ఉంది, కమిలిపోవడం. కప్పులో గాలి తగ్గగానే చర్మం, దాని కింది కొవ్వు పైకి ఉబ్బుతాయి. వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు ఆ లాగుడికి చిట్లుతాయి. నెత్తురు చర్మం కింద ఇంకుతుంది. ఎంత గట్టిగా లాగితే, ఎంతసేపు ఉంచితే, చర్మం ఎంత పల్చగా ఉంటే అంత నలుపు. రంగు చెప్పేది పంపు గురించి, చర్మం గురించి. కింద ఉన్న నొప్పి గురించి అది ఏమీ చెప్పదు.

తర్వాత జరిగేది ఇంకా తమాషా. అలా ఇంకిన నెత్తురు బయటికి పోదు, లోపలే ఉంటుంది. దాన్ని ఒంట్లోని పారిశుధ్య కణాలు వచ్చి కొద్దికొద్దిగా తిని అరగదీయాలి. నలుపు తిరిగి ఆకుపచ్చ, పచ్చ తిరిగి పసుపు అవడం ఆ పనే. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్ ముక్కలై ముందు బిలివర్డిన్‌గా, తర్వాత బిలిరుబిన్‌గా మారుతుంది. కామెర్లలో కళ్లని పచ్చబరిచే పదార్థం ఈ రెండోదే. ఇది చివరికి కాలేయానికి చేరి పైత్యరసంలో కలిసి పోవాలి. అంటే ఒంట్లో మలినాలు తొలగిస్తానని చెప్పిన కప్పు, ఉన్న మలినంలో చిటికెడు తీయకపోగా, కాలేయానికి కొత్త పని అప్పజెప్పి వెళ్లింది. ఆ పని చాలా చిన్నది, కాలేయం లెక్క చేయదు, నిజమే. కానీ శుద్ధి అనే మాట మాత్రం ఇక్కడ తలకిందులుగా వేలాడుతోంది.

"చెడు రక్తం" అన్న మాట మన నాలుక మీద ఎంత సహజంగా ఆడుతుందంటే, దాన్ని నిలదీయాలని కూడా తోచదు. పెద్దమనిషి ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. కదలకుండా కూర్చున్నా గుండె నిమిషానికి దాదాపు అంత రక్తాన్నీ తోడిపోస్తుంది. ఇప్పుడు భుజంలో ఉన్న నెత్తురు కాసేపటికి కాలిలో ఉంటుంది. మూత్రపిండాలు రోజుకి 180 లీటర్ల దాకా వడపోస్తాయి, అంటే ఉన్న రక్తంలోని నీరే మళ్లీ మళ్లీ వాటిలోంచి పోతుంది. ఇలా పరుగెత్తే ప్రవాహంలో చెడ్డ భాగం మాత్రం వెళ్లి కుడి రెక్క కింద మకాం వేసి, రెండు వేల రూపాయల కప్పు కోసం కాచుకుని కూర్చుంటుందా? చర్మానికి గాట్లు పెట్టి చేసే తడి పద్ధతిలో కప్పు అడుగున జావలా గడ్డకట్టిన నల్లటి నెత్తురుని చూపించి భయపెడతారు. నెత్తురు బయటికొస్తే గడ్డకడుతుంది, అది దాని ధర్మం. కట్టకపోతేనే జబ్బు. అదే మనిషి ఆ గాట్లకి ముందు రోజు రక్తనిధికి వెళ్లి 350 మిల్లీలీటర్లు ఇచ్చి ఉంటే, దాన్ని పరీక్షించి, మంచి రక్తమని సీలు వేసి ఇంకొకరికి ఎక్కించేవాళ్లు. ఒకే ఒంట్లోంచి రెండు రకాల రక్తం రాదు కదా.

ఇక్కడికి వచ్చేసరికి, "అయితే మన పూర్వులు తెలివితక్కువవాళ్లా?" అని ఒక గొంతు లేస్తుంది. లేవనివ్వండి. పశువు కొమ్ముని ఒంటికి ఆనించి నోటితో గాలి లాగే వైద్యం మన ఊళ్లలో ఉండేది. చైనాలో, ఈజిప్టులో, గ్రీకుల దగ్గర ఉండేది. అరబ్బుల హిజామా యునానీ వైద్యంతో పాటు మన హైదరాబాదుకీ వచ్చింది. సుశ్రుత సంహితలో రక్తమోక్షణానికి కొమ్ము, జలగ, సొరబుర్ర చెప్పారు. వాతానికి కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి సొరబుర్ర అని పంచారు కూడా. హిజామాని విశ్వాసంగా పాటించేవాళ్లతో నాకు పేచీ లేదు. విశ్వాసం వేరు, "నీ నడుం నొప్పి తగ్గుతుంది" అన్న హామీ వేరు. హామీ ఇచ్చినవాడు రుజువూ చూపాలి.

సుశ్రుతుడి పేరు ఎత్తేవాళ్లని ఒక్కటి అడగాలని ఉంది. ఆ పుస్తకంలో సొరకాయ ఇంకోచోట కూడా కనిపిస్తుంది, అది ఎవరైనా చూశారా? శిష్యుడు మనిషి ఒంటి మీద చెయ్యి వేయకముందు సొరకాయల మీద, పుచ్చకాయల మీద, దోసకాయల మీద కోత సాధన చెయ్యాలని ఒక అధ్యాయమే ఉంది. చదువంతా అయినా సాధన లేనివాడు పనికిరాడని ఆయన పట్టు. రక్తం ఎవరికి తీయకూడదో, ఎక్కువ పోతే ఏమవుతుందో విడిగా చెప్పాడు. పసివాళ్లకీ ముసలివాళ్లకీ బలహీనులకీ అన్నిట్లోకీ సుకుమారమైన పద్ధతని జలగనే చెప్పాడు. ఇంత జాగ్రత్తపడ్డ మనిషిని సాక్షిగా పిలిచి, మూడు వీడియోలతో తల్లి భుజం మీద ప్రయోగం మొదలెట్టేవాడు సుశ్రుతుడి వారసుడెలా అవుతాడు? పూర్వుల పేరు చెప్పుకునేటప్పుడు వాళ్ల క్రమశిక్షణని వదిలేసి సరంజామాని మాత్రం తెచ్చుకోవడం మనకి బాగా అలవాటైంది.

పూర్వుల పేరు పని చేయని ఇళ్లలో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఫోటో పని చేస్తుంది. 2016లో రియో ఒలింపిక్స్‌లో ఆయన భుజాల మీద గుండ్రటి మచ్చలు ప్రపంచమంతా చూసింది. అప్పటికే ఆయన దగ్గర 18 ఒలింపిక్ స్వర్ణాలున్నాయి. రియోలో ఇంకో 5 వచ్చాయి. ఆయన వెనక శిక్షకులూ, ఏళ్ల తరబడి ఈతకొలనులో గడిపిన గంటలూ ఉన్నాయి. వాటన్నిటిలో మనం అరువు తెచ్చుకున్నది మచ్చ ఒక్కటే.

సరే, వీటన్నిటికంటే బరువైన మాట ఒకటుంది. "అవన్నీ నాకు తెలీదు. పెట్టించుకున్నాను, తగ్గింది." ఈ మాట అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. తగ్గింది నిజమే. కప్పు వల్ల తగ్గిందా అన్నదే ప్రశ్న.

మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని దీర్ఘకాలికం అంటారు. అది గీత గీసినట్టు ఒకేలా ఉండదు. ఎగుస్తుంది, దిగుతుంది. మనం కప్పుల పెట్టె కొనేది, పక్కింటాయన చిట్కా వినేది, గుడికి మొక్కుకునేది అది నెత్తికెక్కి కూర్చున్న రోజున. ఆ రోజు తర్వాత వచ్చేది ఎలాగూ కాస్త మెరుగైన రోజే. ఆ పుణ్యం దగ్గర్లో ఉన్నదాని ఖాతాలో పడుతుంది. ఇంకోటి, తలనొప్పి వస్తే మా నాయనమ్మ నుదుటికి గుడ్డ బిగించి కట్టుకునేది. బిగింపు బాధ ముందు లోపలి పోటు వెనక్కి తగ్గేది. కప్పు లాగుడు కూడా కొంత అలాంటిదే, కొత్త మంట పాతదాన్ని కాసేపు మరిపిస్తుంది. మూడోది చెప్పడానికి నాకు కాస్త మొహమాటం. ఎన్నాళ్లుగానో "అలా ఓర్చుకో" తప్ప ఇంకో మాట వినని మనిషిని బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, అరగంట పాటు కొడుకో కూతురో పక్కన కూర్చుని వీపు చూడటం. దాని విలువ పెద్దది. అది కప్పు లేకుండానూ దొరకాలి.

వీటిని కప్పు ప్రభావం నుంచి విడదీయడం ఎలా? పరిశోధకులు చక్కటి ఉపాయం పన్నారు. కప్పుకి కనపడని సన్నటి బెజ్జం పెట్టారు. ఒంటికి అంటుకున్నట్టే ఉంటుంది, లాగుడు మాత్రం నిలవదు. 2016లో జర్మనీలో ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగులు 141 మందిని మూడు జట్లు చేసి చూశారు. అసలు కప్పు పెట్టినవాళ్లకి మామూలు వైద్యంలో ఉన్నవాళ్లకంటే ఉపశమనం కనిపించింది. బెజ్జం కప్పుతో పోలిస్తే తేడా లేదు. 2021లో బ్రెజిల్లో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 90 మంది మీద అలాంటి పరీక్షే చేశారు. అసలు కప్పు బోగస్ కప్పుని గెలవలేకపోయింది.

మన విషయానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది జర్మనీలోనే 2013లో అచ్చయిన ఇంకో పరిశోధన. దీర్ఘకాలిక మెడనొప్పితో బాధపడే 61 మంది. కొందరికి ఇంట్లో తోడుమనిషి చేత కప్పు మర్దన చేయించుకోవడం నేర్పారు. మిగతావాళ్లకి కండరాన్ని బిగించి వదిలే సడలింపు సాధన నేర్పారు. వారానికి రెండుసార్లు, 12 వారాలు. రెండు జట్లకీ నొప్పి తగ్గింది. నొప్పి తగ్గిన తీరులో ఒకరికొకరు తీసిపోలేదు. కప్పు జట్టువాళ్లు మనసుకి కాస్త హాయిగా ఉందన్నారు, దాన్ని దాచను. కానీ మంచం మీద పడుకుని, పైసా ఖర్చు లేకుండా, చర్మం మీద ఒక్క మచ్చ పడకుండా చేసుకునే సాధన అంతే నొప్పి తగ్గిస్తున్నప్పుడు పెట్టె ఎందుకు? కప్పింగ్ పక్షంవాళ్లు 135 ప్రయోగాలని కలిపి చూసిన 2012 నాటి సమీక్షని చూపిస్తారు. వాటిలో అధిక భాగానికి పక్షపాతం సోకే ప్రమాదం ఎక్కువని ఆ సమీక్షే రాసుకుంది. ఆ వాక్యాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

"సరే, మేలు లేకపోతే పోనీ, నష్టం కూడా లేదుగా?" ఇదే అసలు ప్రమాదకరమైన మాట.

నష్టం ఉంది. ఇంట్లో ఇంకా ఉంది. స్పిరిట్‌లో ముంచిన దూది వెలిగించి గాజు కప్పులో తిప్పేవాళ్లు వీపులు కాల్చుకున్న ఉదంతాలు వైద్య పత్రికలకెక్కాయి. పంపు సెట్టుకి నిప్పు లేదు గానీ కొలతా లేదు, ఎంత లాగామో చెప్పే ముల్లు సాధారణంగా వాటికి ఉండదు. గుండెకి స్టెంటు వేయించుకుని రక్తం పల్చబడే మాత్రలు మింగే నాన్నగారి వీపు మీద పెట్టే కప్పు, పాతికేళ్ల కుర్రాడి వీపు మీది కప్పూ ఒకటి కావు. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి స్పర్శ మందగిస్తుంది, బొబ్బ లేచినా తెలీదు, పుండు త్వరగా మానదు. ఇక ఇంట్లో బ్లేడుతో గాట్లు పెట్టడం, ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడటం అంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీలకి తలుపు తీయడమే.

ఇవి కంటికి కనిపించే నష్టాలు. కనిపించనిది ఆలస్యం. భుజం నొప్పి గుండె నుంచి రావచ్చు. నెలల తరబడి వెన్నులో సలుపు, సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం వెన్నెముకకి పట్టిన క్షయ కావచ్చు. ఒళ్లంతా నొప్పులు థైరాయిడ్ మందగించడం వల్లో, డి విటమిన్ లోపం వల్లో, కొలెస్ట్రాల్ మాత్ర వల్లో రావచ్చు. మన నేలకి ప్రత్యేకమైనది ఇంకోటుంది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో నడుం వంగక, మెడ తిరగక జనం కొయ్యబారిపోతుంటే, దానికి కారణం తాగేనీటిలోని ఫ్లోరైడ్ అని 1937లోనే వైద్యులు అచ్చేశారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. నల్గొండ గోడు మనకి తెలిసిందే. ఎముకలో పేరుకున్న ఫ్లోరైడ్‌ని చర్మం మీద పెట్టిన కప్పు లాగుతుందా? అక్కడ కావలసింది మంచినీళ్లు. కప్పు పెట్టుకున్న ప్రతి వారమూ, "కొద్దిగా నయం, ఇంకో రెండుసార్లు చూద్దాం" అనుకున్న ప్రతిసారీ, కారణం వెతకడం ఒక వారం వెనక్కి పోతుంది.

జనం డాక్టర్ని వదిలి కప్పు దగ్గరికి ఎందుకు పోతున్నారో నాకు తెలియదనుకోకండి. గంటన్నర క్యూలో కూర్చున్నాక లోపల రెండు నిమిషాలు, తలెత్తకుండా రాసిన స్కానింగు చీటీ, ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాసు మాత్ర. "వయసైపోయిందమ్మా" అన్న ఆశీర్వాదం. ఏ వ్యాయామం ఎలా చెయ్యాలో చూపించే ఓపిక ఎవరికీ లేదు. ఈ ఖాళీలోకే కప్పులవాడు వచ్చి కూర్చున్నాడు. ఈ తప్పు వైద్యులది, దాన్ని వాళ్లే దిద్దుకోవాలి. అయితే హోటలువాడు సరిగా వడ్డించలేదని మట్టి తినంకదా.

దీర్ఘకాలిక నొప్పికి పనికొచ్చేవి చూడ్డానికి చప్పగా ఉంటాయి, ఫోటోకి పనికిరావు. ఆస్ట్రేలియాలో నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో సగం మందికి ఫిజియోథెరపిస్టుల చేత నడక క్రమంగా పెంచుకోవడం నేర్పించి, మిగతా సగాన్ని అలాగే వదిలేసి చూశారు. 2024లో ఫలితం అచ్చయింది. ఊరికే ఉన్నవాళ్లకి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 112 రోజులు పడితే, నడిచినవాళ్లకి 208 రోజులు పట్టింది. నడక మచ్చ పెట్టదు. గ్రూపులో పెట్టుకోవడానికి ఏమీ మిగల్చదు. బహుశా అందుకే దాన్ని ఎవరూ అమ్మలేకపోతున్నారు.

మా అత్త సంగతి చెప్పాలి. మూడో వారంలో ఒక కప్పు కింద బొబ్బ లేచింది, చితికింది, షుగర్ వల్ల చీముపట్టింది. దానికి కట్లు కట్టించుకోవడానికి వెళ్తేగానీ అసలు భుజాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా వచ్చేదే. కీలు చుట్టూ ఉండే పొర మందమై బిగుసుకుపోతుంది. చర్మాన్ని ఎంత పీకినా ఆ పొరకి చేరేది ఏమీ లేదు. షుగర్ అదుపులో పెట్టారు, గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం నేర్పారు. ఎనిమిది నెలలకి జడ తనే వేసుకుంటోంది. ఇదీ ఒక్క మనిషి కథే. ఈ జబ్బు చాలామందికి ఏడాది, రెండేళ్లలో దానంతటదే సడలుతుంది కాబట్టి వ్యాయామానికే పూర్తి మార్కులు వేయమని అడగను. బావకి ఇవ్వని వెసులుబాటు నాకు నేను ఇచ్చుకోకూడదు.

బొబ్బ తాలూకు మచ్చ మాత్రం ఆవిడ భుజం మీద ఇంకా ఉంది.